రచయితల బొమ్మలున్న బిళ్ళలు: మీ దగ్గర ఏమేమి ఉన్నాయి?

కృష్ణలంక కుర్రాడు:
నిన్న వన్‌టౌన్‌లో కిరాణా కొట్టు చిల్లరలో టాగూర్ ఐదు రూపాయల బిళ్ళ వచ్చిందండీ. 2011లో, ఆయన 150వ జయంతికి వేసినది. గడ్డం సందుల్లో జిడ్డు పట్టి నల్లబడింది. చింతపండుతో తోమవచ్చా?

బ్రాడీపేట మాస్టారు:
వద్దు నాయనా, తోమకు! తమిళ కవి తిరువళ్ళువర్ బొమ్మున్న నా బిళ్ళని అలాగే పాడుచేసుకున్నాను. 1995లో తంజావూరు ప్రపంచ తమిళ మహాసభలకు వేసిన ఐదు రూపాయలది. చింతపండు, ముగ్గు వేసి రుద్దితే తళతళలాడింది. తీరా లైటు కింద పెట్టి చూస్తే ముఖమంతా సన్నటి గీతలు. ఇక పోవు. సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మంచినీళ్ళలో ముంచి తీసి, నూలుగుడ్డతో అద్దు. రుద్దకూడదు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలోనూ దాచకు, కొన్నేళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది.

అరండల్‌పేట:
టాగూర్‌కి 150 రూపాయల నాణెం కూడా ఉంది. అది చిల్లరలో దొరకదు, కొనుక్కోవాల్సిందే. అన్నట్టు, పాత బిళ్ళకి లక్షలిస్తామని ఫోన్ చేసేవాళ్ళని నమ్మకండి. రిజిస్ట్రేషన్ ఫీజంటూ నా దగ్గర రెండు వేలు లాగి మాయమయ్యారు. 2021లో రిజర్వ్ బ్యాంకు కూడా హెచ్చరించింది.

పటమట అక్క:
మా తమ్ముడు లండన్ నుంచి డికెన్స్ రెండు పౌండ్ల బిళ్ళ తెచ్చాడు, 2012ది. ఆయన ముఖాన్ని ఆయన పుస్తకాల పేర్లతోనే కూర్చారు! భూతద్దం పెట్టుకుని ఒక్కో పేరూ చదువుతుంటే మధ్యాహ్నం గడిచిపోయింది. మా వినుకొండ జాషువా గారి ముఖాన్ని కూడా గబ్బిలం, ఫిరదౌసి అన్న అక్షరాలతో అలా కూర్చితే ఎంత బాగుంటుంది! నా ఆల్బమ్‌లో తెలుగు కవి ఒక్కరూ లేరు. ఆ వెలితి నన్ను తినేస్తోంది.

బ్రాడీపేట మాస్టారు:
నా మనసులో మాట చెప్పావమ్మా. నువ్వు చూడు కుర్రాడా, బిళ్ళ మీద వేసిన సంవత్సరం అంకెల కింద ఏ టంకశాల గుర్తుంది? చుక్క అయితే నోయిడా, డైమండ్ అయితే ముంబై, నక్షత్రం అయితే మన హైదరాబాద్. ఏమీ లేకపోతే కలకత్తా.

కృష్ణలంక కుర్రాడు:
టార్చి వేసి మరీ చూశాను మాస్టారూ. ఏ గుర్తూ లేదు. టాగూర్ ఊళ్ళోనే పోసిన బిళ్ళ! చింతపండు వంటింట్లో తిరిగి పెట్టేశాను.

బ్రాడీపేట మాస్టారు:
ఆదివారం గుంటూరు రా. గీతలు పడని తిరువళ్ళువర్ ఇంకొకటుంది, నీకిస్తాను.