ఉమ్మడి తోట, ఉమ్మడి నుయ్యి: పంచుకోవాలా, కలిపి ఉంచాలా?

ఉద్దానం రైతు:
వజ్రపుకొత్తూరు మండలంలో మాకు 2 ఎకరాల 40 సెంట్ల తోట ఉంది. కొబ్బరి, మధ్యలో జీడి. ఒకే నుయ్యి, ఒకే మోటారు. అమ్మ ముందే పోయింది, నాన్న పోయి మూడేళ్లు. పాస్‌పుస్తకం ఇంకా నాన్న పేరునే ఉంది. వాటాదార్లం నలుగురం: నేను, ఆర్మీలో ఉన్న తమ్ముడు, హైదరాబాద్‌లో ఉన్న చిన్న తమ్ముడు, పెళ్లయి వెళ్లిన అప్ప. తోట చూసేది నేనే. ఇప్పుడు పంచేద్దామని చిన్నోడు పట్టుబట్టాడు. తలా 60 సెంట్లు ముక్కలు చేస్తే తోట నిలుస్తుందా? ఉమ్మడిగా ఉంచడమే మేలని నా మాట. మీరేమంటారు?

నాగావళి గట్టు:
పంచేయండి. ఆమదాలవలస దగ్గర మా నూతికి అయిదుగురు వాటాదార్లు, రోజుకొకరి వంతు. ఒకసారి మోటారు కాలిపోయింది. ఎవరి వంతులో కాలితే వాళ్లే బాగుచేయించాలని ఒకరు, అందరం వేసుకోవాలని ఇంకొకరు. రీవైండింగ్ డబ్బుల దగ్గర పదహారు రోజులు మోటారు షెడ్డులోనే ఉండిపోయింది. నా మొక్కజొన్న అప్పుడే కంకిలో పాలు పోసుకుంటోంది. తడి అందక గింజ సగం కట్టలేదు. ఉమ్మడి అంటే అదీ.

ఉద్దానం రైతు:
పొలం పంచినా నూతిని ఎలా పంచుతారండీ? పంపకం దస్తావేజుల్లో కూడా నుయ్యి, దారి ఉమ్మడి అనే రాసుకుంటారు. మీ తగువు పంపకంతో పోయేది కాదు.

టెక్కలి కుర్రాడు:
మేం నెలనెలా వంతుకింత అని డబ్బాలో వేస్తాం. మోటారు ఖర్చు అందులోంచే.

నాగావళి గట్టు:
డబ్బా తాళం ఎవరి దగ్గరుంటుంది? అక్కడే మొదలవుతుంది గొడవ. ఎవరి బోరు వాళ్లు వేసుకుంటేనే సుఖం.

కోర్టు గుమస్తా, విజయనగరం:
ఒక వాటాదారు సాగు చేస్తే అందరి తరఫునా చేసినట్టే చట్టం లెక్క. మిగతావాళ్ల హక్కును బాహాటంగా కాదని ఉంటే తప్ప, పన్నెండేళ్లు దున్నాను కాబట్టి నాదే అంటే చెల్లదు. పిత్రార్జితంలో పెళ్లికాని కూతుళ్లకు మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. ఇంకో మాట. ముక్కలు చేయడం కుదరని ఆస్తి అయితే, సగం వాటా ఉన్నవాళ్లు అడిగితే 1893 నాటి పార్టిషన్ చట్టం కింద కోర్టు అమ్మించి డబ్బు పంచవచ్చు. అందాకా తెచ్చుకోకండి.

పలాస ఆడపడుచు:
మొదటి పోస్టు రెండుసార్లు చదివాను. చిన్న తమ్ముడేమన్నాడో రాశారు. మీ అప్ప ఏమందో ఎక్కడా లేదు. అడిగారా?

ఉద్దానం రైతు:
అప్పతో మాకు గొడవే లేదు, పండక్కి చీర పెడుతున్నాం. మీకు తెలియని సంగతి చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లారేసరికి తిత్లీ తుఫానుకి మా తోటలో నిలబడిన చెట్టు లేదు. వారాల తరబడి కరెంటు లేదు. పడిన మాన్లు కోయించి, మొదళ్లు పెకలించి, మొక్కలు తెచ్చి పాతింది నేను. పరిహారం నాన్న ఖాతాలో పడితే చిన్నోడి కాలేజీ ఫీజు కట్టాం. వేసవిలో నా భార్య బిందెలతో మొక్క మొక్కకీ నీళ్లు మోసింది. అప్పుడు ఒక్కరూ వచ్చి చూడలేదు. ఇప్పుడిప్పుడే గెలలు వేస్తుంటే వాటా గుర్తొచ్చిందా? నేల నాన్నది. చెట్లు నావి!

పలాస ఆడపడుచు:
అసలు మాట ఇప్పుడొచ్చింది. తోట ముక్కలవుతుందని కాదు, మీ కష్టం ముక్కలవుతుందని మీ బాధ. అది న్యాయమైన బాధే. ఖర్చూ కూలీ లెక్కకట్టి ముందు మీరు తీసుకోండి, మిగిలింది పంచండి. కానీ చీరని వాటా కింద చూపించకండి. మా పుట్టింట్లో నలభై చెట్లున్నాయి. ఏడేళ్లుగా నేను కొబ్బరికాయ బజార్లో కొనుక్కుంటున్నాను. సంతకం కావాల్సొచ్చినప్పుడు మాత్రం ఆధార్ పట్టుకుని రమ్మని ఫోను వచ్చింది.

నాగావళి గట్టు:
అవన్నీ సరే. మోటారు కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంది? ముందు అది తేల్చుకోండి.

ఉద్దానం రైతు:
అదీ నాన్న పేరునే.
మొక్కల రసీదులు కొన్నే ఉన్నాయి, కూలీల లెక్క నేనెప్పుడూ రాయలేదు. నిన్న రాత్రి అప్పకి ఫోను చేశాను. "ఇప్పటికి అడిగావా" అని ఊరుకుంది. ఆదివారం కాయలు తీయించి తీసుకెళ్తున్నాను. చిన్నోడి విషయంలో మాత్రం నా మాట మారదు.