నాయన ఈఈజీలో బీటా ఎక్కువ ఉందంట, తాగుడుకు మెదడు పాడైనట్టేనా?

కొర్లగుంట కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా నాయనకు 54 ఏళ్లు, టైలరు. పాతికేళ్లుగా తాగుడు. పొద్దున లేస్తే సూదిలో దారం ఎక్కించలేడు. కొస నోట్లో తడుపుతాడు, సూదిని కిటికీ వెలుతురుకు పెడతాడు, ఐదారుసార్లు గురి తప్పాక విసుక్కుని నా చేతికిస్తాడు. సందు చివరిదాకా వెళ్లి మందు వేసుకొచ్చాడంటే ఇక చెయ్యి వణకదు, కాజాలు కూడా చేత్తో కుడతాడు.

మొన్న అయ్యప్ప మాల వేసుకుని ఆ పొద్దే మందు ఆపేశాడు. మేం సంబరపడ్డాం. మర్నాడు సాయంత్రం పూజలో శరణుఘోష చెబుతూనే పక్కకు ఒరిగాడు. ఫిట్స్. ఆస్పత్రిలో ఐదు రోజులు ఉంచారు, మూడో రోజు ఈఈజీ (తలకు వైర్లు అంటించి మెదడు తరంగాలు గీసే పరీక్ష) తీశారు. ‘బీటా ఎక్కువ, ఫిట్స్ తరంగాలు లేవు’ అని రాశారు. డాక్టరు గారు ‘ఫిట్స్ జబ్బు కాదు, మందు మానినందుకు వచ్చింది’ అన్నారు. వెనక పెద్ద క్యూ, ఇంకేం అడగలేకపోయాను.

ఈ బీటా అంటే మెదడు పాడైనట్టా? తమ్ముడికి 19, తాగడు, వాడికీ తీయించాలా? ఒక సెంటర్ వాళ్లు మెదడు తరంగాలు సరిచేసి తాగుడు మాన్పిస్తాం, 20 సిట్టింగులు అంటున్నారు. వెళ్లొచ్చా?

చంద్రగిరి మామ:
మా బామ్మర్దికీ మాలలోనే వచ్చింది నాయనా. దేవుడి ఆగ్రహమని ఒక పూటంతా పీఠం ముందే కూర్చోబెట్టారు, రెండోసారి వచ్చాక గానీ ఆటో పిలవలేదు. రోజూ తాగేవాళ్లు మాల వేసుకునే ముందు డాక్టరును కలవాలని గురుస్వాములైనా చెబితే బాగుండు.

చిత్తూరు ఈఈజీ టెక్నీషియన్:
తమ్ముడూ, పదకొండేళ్లుగా తలలకు పేస్టు పూసి వైర్లు అంటించేది నేనే. రిపోర్టు తేల్చేది డాక్టరే, నేను చూసింది చెబుతాను.

కళ్లు మూసుకుని నెమ్మదిగా ఉన్న మనిషికి తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే అల వస్తుంది, అది ఆల్ఫా. 1929లో హాన్స్ బెర్గర్ లోకానికి చూపించింది దీన్నే. కళ్లు తెరవగానే అణిగిపోతుంది. 13 నుంచి 30 దాకా ఊగే సన్న అల బీటా. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో, మానేసి ఉన్నా సరే, ఈ బీటా సగటున ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

ఎందుకంటే, మీ ఇంటి మిషనే అనుకో. మందు అనేది చక్రానికి అడ్డం పెట్టిన చెయ్యి. అడ్డం ఉన్నా కుట్టు సాగాలి కాబట్టి మెదడు ఏళ్లుగా ఇంకా గట్టిగా తొక్కడం నేర్చుకుంటుంది. గాబా అనే బ్రేకు బలహీనపడుతుంది, గ్లుటమేట్ అనే తొక్కుడు పెరుగుతుంది. ఒక్కసారిగా చెయ్యి తీసేస్తే చక్రం ఆగుతుందా? ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ వచ్చేది అందుకే. రెండు మూడు రోజులకు లేనివి కనబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం మొదలైతే అది ఇంకా ప్రమాదం.

అయితే ఒక మెలిక ఉంది. వణుకు, ఫిట్స్ తగ్గడానికి ఇచ్చే లోరాజెపామ్, డయాజెపామ్ లాంటి మందులు కూడా బీటాను పెంచుతాయి. మూడో రోజు తీశారంటే అవి ఒంట్లో ఉండే ఉంటాయి. డిశ్చార్జ్ షీట్ చూడు. ఆ గీత తాగుడిదా, ఇంజక్షన్‌దా అని కాగితం ఒక్కటే చూసి నేనైతే చెప్పలేను. ఈఈజీ తీసింది ఫిట్స్ జబ్బు ఉందా లేదా అని. లేదని వచ్చింది, మంచిదే.

తమ్ముడి సంగతి. 1984లో హెన్రీ బెగ్లైటర్ బృందం, తాగుడుకు బానిసలైన తండ్రులకు పుట్టి, తాము చుక్క కూడా ముట్టని మగపిల్లల్ని పరీక్షించింది. అనుకోనిది కనబడినప్పుడు దాదాపు 300 మిల్లీసెకన్లకు లేచే అల వాళ్లలో చిన్నదిగా వచ్చింది. అంటే కొంత తేడా తాగుడుకు ముందే ఉండొచ్చు. కానీ అది గుంపుల సగటు, ఒక్క అబ్బాయి జాతకం కాదు. మామూలు ఈఈజీలో ఆ అల దొరకదు కూడా. డబ్బులు దండగ.

సిట్టింగులకు 1989లో అమెరికాలో కొద్దిమంది మీద చేసిన అధ్యయనంతో పేరొచ్చింది. మందులకు, కౌన్సెలింగుకు బదులుగా నిలబడే ఆధారం లేదు. నేనైతే కట్టను.

కొర్లగుంట కుర్రోడు:
అన్నా, షీట్ చూశాను. ఈఈజీకి ముందురోజు రాత్రి లోరాజెపామ్ ఇంజక్షన్ ఇచ్చారు. బీ1 విటమిన్ కూడా రాశారు. ఇప్పుడు నిద్రే లేదు, రెండింటికి లేచి కత్తెర సాన పట్టుకుంటున్నాడు.

ఆరేళ్లుగా ముట్టనివాడు:
నిద్ర ఆలస్యంగానే వస్తుంది తమ్ముడూ. గాఢ నిద్రలో వచ్చే పెద్ద పెద్ద నెమ్మది అలలు తాగేవాళ్లకు తగ్గిపోతాయి, మానేశాక కూడా నెలలు పడుతుంది. నాకు నాలుగు నెలలు పట్టింది. ‘ఒక్క పెగ్గు వేస్తే పడుకుంటాను’ అనిపించేది అప్పుడే, ఆ రెండింటి వేళ పక్కన ఎవరైనా ఉండండి. నిద్ర మాత్రలు మీరే కొనొద్దు. తాగుడు మాన్పించడానికి కూరలో కలిపే మాత్ర ఉందని ఎవరన్నా అమ్మకు చెబితే వద్దనండి. ఆయనకు తెలియకుండా పెట్టి, ఆపైన ఆయన తాగితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు దొరకని వేళ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, 14416, తెలుగులోనే మాట్లాడతారు.

చిత్తూరు ఈఈజీ టెక్నీషియన్:
బీ1 ఆపకండి. డాక్టరు మళ్లీ ఈఈజీ రాస్తే, వాడుతున్న మాత్రలన్నీ కాగితం మీద రాసుకుని రండి. ముందురోజు తలస్నానం చేయించండి, నూనె మాత్రం పెట్టకండి. నూనె తలకు పేస్టు అంటదు, నేను అరగంట తంటాలు పడాలి.