రైజెన్ 7 5700ఎక్స్‌కి ఎయిర్ కూలర్: ఏసీ లేని గదికి ఏది సరిపోతుంది, ఎలా బిగించాలి?

ఏలూరు వాసి:
అందరికీ నమస్కారం. నా బీ450 మదర్‌బోర్డులో ఉన్న రైజెన్ 5 3600 తీసేసి రైజెన్ 7 5700ఎక్స్ వేస్తున్నాను. 5700ఎక్స్ పెట్టెలో కూలర్ రాదు. ఇప్పుడు వాడుతున్నది 3600తో వచ్చిన రెయిత్ స్టెల్త్.

పని బ్లెండర్ రెండరింగ్, ఒక్కోసారి ఐదారు గంటలు ఆగకుండా నడుస్తుంది. గదిలో ఏసీ లేదు, మే నెల మధ్యాహ్నం లోపల 37-38 డిగ్రీలు ఉంటుంది. క్యాబినెట్‌లో కూలర్ ఎత్తు 158 మి.మీ. దాటకూడదని రాసి ఉంది. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి ఉన్నాయి. ర్యామ్ లైట్లున్న రకం, 44 మి.మీ. ఎత్తు. బడ్జెట్ 3,000 రూపాయలు.

స్టెల్త్‌నే కొనసాగించవచ్చా? డ్యూయల్ టవర్ (రెండు రెక్కల దిమ్మలున్న కూలర్) కావాలా? షాపులో మాత్రం లిక్విడ్ కూలరే తీసుకోమంటున్నారు. బిగించేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుందో కూడా చెప్పండి.

గోదారిగట్టు:
ముందు వాట్ల లెక్క చూద్దాం. పెట్టె మీద రెండిటికీ 65 వాట్లనే ఉంటుంది. కానీ ప్రాసెసర్ నిజంగా ఎంత లాగవచ్చో చెప్పేది పీపీటీ అనే పరిమితి. 3600కి అది 88 వాట్లు, 5700ఎక్స్‌కి 76 వాట్లు. అంటే కోర్లు ఆరు నుంచి ఎనిమిదికి పెరిగినా కొత్త ప్రాసెసర్ ఇచ్చే వేడి పాతదానికంటే తక్కువే. షాపులో చెప్పనిది ఇదే.

ఇక గది సంగతి. కూలర్ గాలిని చల్లబరచదు, ప్రాసెసర్ వేడిని గాలిలోకి చేరవేస్తుంది, అంతే. అందుకే గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. రివ్యూల్లో అంకెలు మామూలుగా 21-25 డిగ్రీల గదిలో తీసినవి. అక్కడ 64 అని కనిపిస్తే మీ ఇంట్లో మే నెలలో 77 అని చదువుకోండి. లిక్విడ్ కూలర్‌కీ ఇదే సూత్రం. దాని రేడియేటర్ గుండా వెళ్లేది కూడా మీ గదిలోని 38 డిగ్రీల గాలే. 76 వాట్లకి పంపు, గొట్టాలు పెట్టుకోవడం డబ్బు దండగ. పైగా పంపు ఆగితే మొత్తం ఆగుతుంది. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని విడిగా మార్చుకోవచ్చు.

స్టెల్త్ అంటే ఒక అల్యూమినియం దిమ్మ, హీట్‌పైపులు (వేడిని రెక్కలదాకా మోసే గొట్టాలు) లేవు. దానితో 5700ఎక్స్ నడుస్తుంది. కాకపోతే మీ గదిలో రెండర్ మొదలైన కాసేపటికే 90 డిగ్రీల గరిష్ఠ పరిమితి తాకుతుంది, ప్రాసెసర్ తనంతట తాను స్పీడు తగ్గించుకుంటుంది, ఫ్యాన్ మోత అదనం. మార్చడమే మంచిది.

మీకు కావలసింది 120 మి.మీ. ఫ్యాన్, 4 హీట్‌పైపులు ఉన్న సింగిల్ టవర్. డీప్‌కూల్ ఏజీ400 ఎత్తు 150 మి.మీ., ఏకే400 ఎత్తు 155 మి.మీ. రెండూ మీ క్యాబినెట్‌లో పడతాయి. నాకైతే ఏజీ400 చాలనిపిస్తుంది. కూలర్ మాస్టర్ హైపర్ 212 దాదాపు 159 మి.మీ., అది వద్దు. ఒక్క మిల్లీమీటరే కదా అని తెస్తే పక్క అద్దం మూయలేరు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ ఎత్తు 155 మి.మీ. కాబట్టి ఎత్తులో సరిపోతుంది. అయితే అది డ్యూయల్ టవర్, ముందు ఫ్యాన్ ర్యామ్ మీదకి వస్తుంది. 44 మి.మీ. ర్యామ్‌తో ఆ ఫ్యాన్‌ని పైకి జరపాలి, అప్పుడు మొత్తం ఎత్తు 158 దాటిపోతుంది. సింగిల్ టవర్లు ఫ్యాన్‌తో కలిపి 90-100 మి.మీ. మందమే, చాలా బోర్డుల్లో ర్యామ్ జోలికి రావు.

ఇంకో మాట. 3600 బోర్డులో ఉండగానే బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేయండి. 5700ఎక్స్ 2022లో వచ్చింది, పాత బయోస్ ఉన్న బీ450లో పెడితే తెరమీద ఏమీ రాదు.

స్క్రూడ్రైవర్:
గోదారిగట్టు గారు ఎంపిక సంగతి చెప్పేశారు కాబట్టి నేను బిగింపు గురించి రాస్తాను. నిజంగా నష్టం జరిగేది కొత్తది పెట్టేటప్పుడు కాదు, పాతది తీసేటప్పుడు.

ఏఎం4లో (మీ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి, మొత్తం 1331. సాకెట్ లివర్ లాక్ వేసి ఉన్నా అది పిన్నుల్ని పక్కనుంచి పట్టుకుంటుందే తప్ప ప్రాసెసర్‌ని పైనుంచి అదిమి ఉంచదు. ఎండిన పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పూత) జిగురులా పట్టేసిన కూలర్‌ని నిట్టనిలువుగా లాగితే ప్రాసెసర్ దానితో పాటే ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని ముందు ఏదైనా బరువైన పని పది నిమిషాలు నడిపి పేస్ట్‌ని వేడెక్కించండి. షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) స్విచ్ ఆపి, ప్లగ్ పీకండి. క్యాబినెట్‌ని పక్కకి పడుకోబెట్టండి. స్టెల్త్‌కి స్ప్రింగులున్న నాలుగు స్క్రూలు ఉంటాయి, వాటిని ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా విప్పండి. తర్వాత కూలర్‌ని రెండు చేతులతో పట్టుకుని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు వదిలి తేలిగ్గా తిరుగుతున్నప్పుడే పైకి ఎత్తండి.

ఆ నాలుగు స్క్రూలే వెనక ఉన్న లోహపు బ్యాక్‌ప్లేట్‌ని కూడా పట్టుకుని ఉంటాయి. అవి ఊడాక బ్యాక్‌ప్లేట్‌కి ఆధారం లేదు. క్యాబినెట్ నిలబెట్టి ఉంటే టప్పున జారి వెనక పడుతుంది, దాన్ని వెతకడానికి బోర్డంతా విప్పాలి. వెనక తలుపు తీసి బ్యాక్‌ప్లేట్‌కి రెండు ముక్కలు టేప్ అంటించండి. ఏఎం4 కూలర్లు చాలావరకు ఈ ప్లేట్‌నే వాడుకుంటాయి. మదర్‌బోర్డు పెట్టెలో రెండు నల్ల ప్లాస్టిక్ బ్రాకెట్లు ఉంటాయి, వాటినీ వెతికి పెట్టుకోండి. కొన్ని కూలర్లు వాటికే తగులుకుంటాయి, కొన్ని సొంత లోహపు పట్టీలతో వస్తాయి.

పాత పేస్ట్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని మైక్రోఫైబర్ గుడ్డ. హ్యాండ్ శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ పొరలా మిగిలిపోతుంది.

కొత్త పేస్ట్ ప్రాసెసర్ మధ్యలో కందిగింజంత చాలు. ఏజీ400 లాంటి వాటిలో రాగి పైపులే నేరుగా ప్రాసెసర్‌కి తగులుతాయి, పైపుల మధ్య సన్నని గాడులు ఉంటాయి. ముందు ఆ గాడుల్లో కొద్దిగా పేస్ట్ రాసి పాత ఏటీఎం కార్డుతో సమానంగా గీసేయండి, తర్వాత కందిగింజ చుక్క. కూలర్ అడుగున ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర తీశారా లేదా అని పేస్ట్ పెట్టేముందు ఒకసారి, పెట్టాక మరోసారి చూసుకోండి.

8 పిన్నుల సీపీయూ కరెంటు వైరు కూలర్ పెట్టకముందే బోర్డుకి గుచ్చేయండి. టవర్ కూర్చున్నాక ఆ మూలకి వేళ్లు దూరవు.

బిగింపులో ఒకటే నియమం: ఒక స్క్రూకి రెండు చుట్లు, వెంటనే ఎదుటి స్క్రూకి రెండు చుట్లు. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే కూలర్ ఒరుగుతుంది, పేస్ట్ ఒక పక్కకి తోసుకుపోతుంది. ఇక తిరగదు అన్నచోట ఆపండి, ఆ తర్వాత బలం పెట్టకండి.

ఫ్యాన్‌లో అడ్డపట్టీలు, స్టిక్కరు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ఆ వైపు రెక్కల దిమ్మకి ఆనాలి, గాలి ముందు నుంచి వెనక ఎగ్జాస్ట్ వైపు పోవాలి. వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన 4 పిన్నుల చోటే పెట్టండి. క్యాబినెట్ ఫ్యాన్ పిన్నులకి పెడితే ఆన్ చేయగానే ఫ్యాన్ లేదని ఎర్రర్ వచ్చే అవకాశం ఎక్కువ.

ఏలూరు వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఏజీ400 తెచ్చి బిగించాను. బయోస్ ముందే మార్చాను, 5700ఎక్స్ కనిపిస్తోంది. గది 36 డిగ్రీలు. ఏ పనీ లేనప్పుడు 52. సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే పరీక్ష) మొదలుపెట్టిన మూడు సెకన్లలో 90 తాకుతోంది, స్పీడు పడిపోతోంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (వేడి, వాట్లు చూపించే సాఫ్ట్‌వేర్) పీపీటీ 70 వాట్ల దగ్గరే ఆగుతోంది. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోంది. ప్లాస్టిక్ పొర తీశాను. ఈ కూలర్ చాలదంటారా?

స్క్రూడ్రైవర్:
కూలర్ చాలకపోతే ఇలా కనిపించదు. రైజెన్‌లో లోడ్ పడగానే కొంత ఎగబాకడం మామూలే, చిన్న చిప్‌లోంచి వేడంతా ఒక్కసారిగా వస్తుంది. కానీ మూడు సెకన్లలోనే 90 అంటే హీట్‌పైపులదాకా వేడి చేరడం లేదన్నమాట. గాలి చాలకపోతే ఉష్ణోగ్రత పది, పదిహేను నిమిషాలు మెల్లగా పాకుతూ పోతుంది. రూఢి చేసుకోవడానికి పక్క అద్దం తీసి మళ్లీ నడపండి. ఐదు డిగ్రీలకి పైగా తగ్గితే లోపం గాలిది. తగ్గకపోతే కూలర్ సరిగా ఆనలేదు.

అలా అయితే విప్పి పేస్ట్ అచ్చు చూడండి. మధ్య నుంచి అన్ని వైపులా పల్చగా పరుచుకుని ఉండాలి. ఒకవైపు పల్చగా, రెండోవైపు మందంగా కనిపిస్తే ఒరిగింది. అచ్చే పడకపోతే స్క్రూ ఏదో పూర్తిగా దిగలేదు, లేదా ఇంటెల్‌కి ఇచ్చిన పట్టీలో స్తంభాలో కలిసిపోయాయి. విప్పిన ప్రతిసారీ రెండు ముఖాలూ తుడిచి కొత్త పేస్ట్ పెట్టాలి, పాతదాని మీదే కూర్చోబెడితే గాలి బుడగలు మిగులుతాయి.

ఏలూరు వాసి:
అద్దం తీసినా 90 తగ్గలేదు. విప్పి చూస్తే అచ్చు ఒక సగంలోనే ఉంది, రెండో సగంలో పేస్ట్ పెట్టినట్టే మందంగా ఉండిపోయింది. తుడిచి, కొత్త పేస్ట్‌తో రెండేసి చుట్లుగా బిగించాను. ఇప్పుడు అదే 36 డిగ్రీల గదిలో పీపీటీ నిండా 76 వాట్లు, అరగంట తర్వాత 77 డిగ్రీలు. పని లేనప్పుడు 43. ఒక్క చిక్కు, బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ గుయ్ మని లేచి మళ్లీ తగ్గుతోంది.

నల్లరేగడి:
36లో 77 అంటే బాగున్నట్టే. ఫ్యాన్ మోత బయోస్‌లో సర్దుకోవచ్చు. 55 డిగ్రీల వరకు 40 శాతం, 75 దగ్గర 70 శాతం, 85 దగ్గర 100 శాతం పెట్టండి. ఫ్యాన్ వేగం మారడానికి ముందు ఆగే సమయం అని ఒక సెట్టింగ్ ఉంటుంది, పేరు బోర్డుని బట్టి మారుతుంది. దాన్ని 3 సెకన్ల దాకా పెంచితే క్షణికమైన ఎగుడుదిగుళ్లకి ఫ్యాన్ స్పందించదు.

కర్వ్ ఆప్టిమైజర్‌లో (ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించే బయోస్ సెట్టింగ్) మైనస్ 15 పెడితే వేడి తగ్గుతుందని చాలాచోట్ల రాస్తారు. రెండరింగ్‌లో అలా జరగదు. మీ ప్రాసెసర్ 76 వాట్ల గీత దగ్గరే ఆగుతోంది కాబట్టి వోల్టేజీ తగ్గగా మిగిలిన వాట్లతో స్పీడు పెంచుకుంటుంది, వేడి దాదాపు అంతే ఉంటుంది. స్పీడు కోసం చేసుకోండి, స్థిరంగా ఉందో లేదో గంటల తరబడి పరీక్షించాకే అసలు పని పెట్టండి. మే నెలలో వేడే తగ్గాలంటే ఈకో మోడ్ పెట్టండి, పీపీటీ 61 వాట్లకి దిగుతుంది. రెండర్ కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. స్టెల్త్ గాలిని కిందికి ఊదేది, దానివల్ల సాకెట్ చుట్టూ ఉన్న వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే) భాగాలకి కూడా చల్లదనం అందేది. టవర్ గాలి వాటి పైనుంచి వెళ్లిపోతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీఆర్ఎం లేదా మాస్ అనే అంకె మీ బోర్డు చూపిస్తే గంట రెండర్ తర్వాత చూడండి. 90 లోపు ఉంటే బెంగ లేదు. దాటితే వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేగం పెంచండి.

దుమ్ము మన ఊళ్లలో రెండు నెలలకే ముందు జాలీని మూసేస్తుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు కూలర్ ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోండి, వదిలేస్తే హద్దు దాటిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఏలూరు వాసి:
ఫ్యాన్ మోత పోయింది, వీఆర్ఎం 71 చూపిస్తోంది. చివరిగా ఒకటి. వచ్చే నెల పీసీని కారులో హైదరాబాద్ తీసుకెళ్లాలి. కూలర్ విప్పాలా?

స్క్రూడ్రైవర్:
కారులో మీతోపాటే అయితే విప్పక్కర్లేదు. అద్దం పైకి వచ్చేలా క్యాబినెట్‌ని పడుకోబెట్టి, కింద దుప్పటి మడత వేయండి. అప్పుడు కూలర్ బోర్డు మీద నిటారుగా నిలబడుతుంది, బరువు పక్కకి వేలాడదు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం తీసి విడిగా పెట్టుకోండి. కొరియర్‌కో ట్రావెల్స్ బస్సు డిక్కీకో ఇస్తే కూలర్ తప్పకుండా విప్పేయండి, మళ్లీ బిగించడానికి పేస్ట్ ట్యూబు, ఆల్కహాల్ సీసా వెంట ఉంచుకోండి.