పాత లారీలో బ్యాటరీ పదేపదే దిగిపోతుంటే కటాఫ్ స్విచ్ పెట్టి ఊరుకోవచ్చా?

అడిగినవారు: పది టైర్లు

మాది 24 వోల్టుల పాత లారీ. ఇంజిను మెకానికల్ పంపుది, ఈసీఎం (ఇంజినును నడిపించే కంప్యూటరు) వంటిదేమీ లేదు. రెండు రాత్రులు యార్డులో నిలిపితే మూడో రోజు ఉదయం సెల్ఫ్ అందుకోవడం లేదు. రెండు బ్యాటరీలూ నిరుడు కొత్తగా వేయించినవే. ఒక ఎలక్ట్రీషియన్ బ్యాటరీ కనెక్షన్ తెంపే కటాఫ్ స్విచ్ పెట్టిస్తే సరిపోతుందంటున్నారు, మరొకరు ఆల్టర్నేటరు (ఇంజిను నడుస్తుండగా బ్యాటరీలను చార్జి చేసేది) విప్పాలంటున్నారు. ఎర్తు వైపు (ఛాసిస్‌కు కలిపిన) బ్యాటరీయే ప్రతిసారీ దిగుతోంది. సెల్ఫ్ వైపు బ్యాటరీలో మాత్రం తరచూ డిస్టిల్డ్ వాటర్ పోయవలసి వస్తోంది. ఏది ముందు చేయించాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాతబండి

నిస్సంకోచంగా స్విచ్ పెట్టించండి. పాత లారీ వైరింగులో ఎన్ని చేతులు పడి ఉంటాయో ఎవరికీ తెలియదు. హారన్లు, ఫాగ్ లైట్లు, క్యాబిన్ ఫ్యాను అన్నీ ఎక్కడ దొరికితే అక్కడ కలిపినవే. లీకేజీ, అంటే బండి నిలిపి ఉన్నా కరెంటు ఎక్కడ పోతోందో, వెతకడానికి బండిని ఒక రోజు షెడ్డులో పెడితే ఒక ట్రిప్పు కిరాయి పోయినట్టే. పైగా నిలిపిన బండిలో రాత్రివేళ వైర్లు కాలే భయమూ తగ్గుతుంది. పెట్రోలు ట్యాంకర్లకు బ్యాటరీ దగ్గరే కటాఫ్ స్విచ్ ఉండాలని నిబంధన పెట్టింది ఊరికే కాదు కదా.

మిల్లీవోల్టు

పాతబండి గారు భద్రత గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. అయితే అడిగినవారి సమస్యకు స్విచ్ మందు కాదని నా అభిప్రాయం, అందుకు ఆధారం ఆయన రాసిన చివరి లక్షణంలోనే ఉంది.

ముందు లెక్క చూద్దాం. బ్యాటరీల నిల్వ సామర్థ్యం 120 ఆంపియర్-అవర్లు అనుకుంటే, అర ఆంపియరు లీకేజీ రోజుకు 12 ఆంపియర్-అవర్లు తింటుంది. సగం ఖాళీ కావడానికే అయిదు రోజులు పడుతుంది. రెండు రాత్రులకే, అంటే సుమారు 36 గంటలకే సగం దిగాలంటే దాదాపు 1.7 ఆంపియర్లు, అనగా 40 వాట్ల బల్బు రాత్రింబవళ్లు వెలుగుతున్నంత కరెంటు పోవాలి. అంత లీకేజీ ఉంటే ఎర్తు క్లాంపు తీసి మధ్యలో టెస్ట్ లాంప్ పెట్టగానే అది వెలుగుతుంది, వెతకడం పెద్ద పని కాదు. లాంప్ వెలగకపోతే బండి నిలిపేనాటికే ఆ బ్యాటరీలో చార్జింగు అరకొరగా ఉందని అర్థం.

రెండు బ్యాటరీలు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా కలిపి, ఉన్నప్పుడు వాటి గుండా ఒకే కరెంటు ప్రవహిస్తుంది కనుక ఆల్టర్నేటరు డయోడు (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) గుండా కరెంటు కారినా, ఫ్యూజు బాక్సులో లీకేజీ ఉన్నా రెండూ సమానంగా దిగాలి. ఒకటి దిగుతూ, రెండోది నీళ్లు మరిగించుకుంటోందంటే ఆ ఒక్క బ్యాటరీలో సెల్ పోయి ఉండాలి, లేదా ఎవరో రెండు బ్యాటరీలనూ కలిపే మధ్య లింకు నుంచి 12 వోల్టులు లాగి ఉండాలి. టేపు రికార్డరు, ఫోన్ చార్జరు, జీపీఎస్ వంటివి 12 వోల్టులవైతే మన వైపు వోల్టేజీ దించే కన్వర్టరు ఖర్చు తప్పించుకోవడానికి చాలామంది చేసే పని అదే. అప్పుడు ఆల్టర్నేటరు మొత్తానికి 28 వోల్టులు ఇస్తున్నా, ఎర్తు వైపు బ్యాటరీ టేపు రికార్డరు వంటివాటికి కరెంటు ఇస్తూ ఎప్పటికీ నిండదు. రెండోది మోతాదు మించి నిండి ఉడుకుతుంది. ఈ నష్టం బండి నడుస్తున్నప్పుడు జరిగేది. నిలిపిన తర్వాత తిప్పే స్విచ్ దీన్ని ఎలా ఆపుతుంది?

పాతబండి

మీ తర్కం బాగుంది, కానీ ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూసి లీకేజీ లేదని చెప్పి పంపిన బండ్లను నేను చూశాను. అవి మళ్లీ దిగిపోయాయి. మీటరును నమ్మి ఏం లాభం?

మిల్లీవోల్టు

మీటరు ఎక్కడ పెట్టారన్నది అడగాలి. సెల్ఫ్ వైపు పాజిటివ్ కేబుల్ దగ్గర పెడితే మధ్య లింకు నుంచి పోయే కరెంటు అందులో కనబడనే కనబడదు, ఎందుకంటే అది ఆ బ్యాటరీ గుండా వెళ్లదు. ఛాసిస్‌కు వెళ్లే ఎర్తు కేబుల్ దగ్గర పెడితేనే రెండూ తెలుస్తాయి. కటాఫ్ స్విచ్‌కూ ఇదే సూత్రం: పాజిటివ్ వైపు బిగిస్తే టేపు, జీపీఎస్ యథావిధిగా తాగుతూనే ఉంటాయి. (మీటరు అలా సిరీస్‌లో ఉండగా సెల్ఫ్ కొడితే దాని ఫ్యూజు పోతుంది; షెడ్డుల్లో మీటర్లు ఎక్కువగా చచ్చేది ఇలాగే.)

ఇంకా తేలికైన పరీక్ష: ఇంజిను నడుస్తుండగా, టేపు పాడుతుండగా, ఒక్కొక్క బ్యాటరీ మీద విడివిడిగా వోల్టేజీ చూడండి. రెండూ 14కు అటూఇటుగా ఉండాలి.

పది టైర్లు

చూశాను. మొత్తం 28 ఉంది, కానీ సెల్ఫ్ వైపు 15.1, ఎర్తు వైపు 12.9. లింకు దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టిన ఎర్ర వైరు ఒకటి క్యాబిన్‌లోకి వెళ్తోంది. దాన్ని తీసేస్తే చాలునా?

మిల్లీవోల్టు

చాలదు. ఆ లోడు మొత్తాన్ని 24 నుంచి 12 వోల్టులకు దించే కన్వర్టరు మీదికి మార్చండి. ఆ తర్వాత రెండు బ్యాటరీలనూ విడదీసి, బయటి చార్జరుతో వేటికవి పూర్తిగా నింపించి, ఒక రాత్రి ఉంచి హైడ్రోమీటరుతో (యాసిడ్ సాంద్రత చూసే సాధనం) ప్రతి సెల్లూ చూడండి. ఒక సెల్ మాత్రమే మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే, అప్పుడు జతగా రెండూ మార్చక తప్పదు. కొత్తదాని పక్కన పాతది పెడితే మళ్లీ ఇదే అసమానత మొదలవుతుంది. ఆల్టర్నేటరు జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

పాతబండి

కన్వర్టరు సంగతి ఒప్పుకుంటున్నాను, స్విచ్ మాత్రం అనవసరమని ఒప్పుకోను. వైరింగులో మిగతా అతుకులు అలాగే ఉన్నాయి కదా. ఎర్తు వైపే బిగించండి, ఇంజిను పూర్తిగా ఆగిన తర్వాతే తిప్పమని డ్రైవరుకు గట్టిగా చెప్పండి. నడుస్తున్న ఇంజినుకు బ్యాటరీ తెంపితే ఆల్టర్నేటరు వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లు పోతాయి. అప్పుడు రెండో ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు దాన్ని నిజంగానే విప్పవలసి వస్తుంది.