బ్యాంకు యాప్ అప్‌డేట్ అయ్యాక టాక్‌బ్యాక్ బటన్ల పేర్లు చెప్పడం లేదు, మీరెలా నెట్టుకొస్తున్నారు?

హనుమకొండ_టీచరమ్మ:
అందరికీ నమస్కారం. నాకు పుట్టుకతో చూపు లేదు, ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్తాను. ఆరేళ్లుగా జీతం, కరెంటు బిల్లు, చీటీ డబ్బులు అన్నీ ఫోన్‌లో నేనే చూసుకుంటున్నాను. పోయిన నెల మా బ్యాంకు యాప్ అప్‌డేట్ అయింది. అప్పటి నుంచి ఎక్కడ వేలు పెట్టినా, స్క్రీన్ మీదున్నది పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ "బటన్" అంటుంది, అంతే. డబ్బు పంపేది ఏదో వెనక్కి వెళ్లేది ఏదో తెలియదు. చివరికి మా తమ్ముడికి పిన్ చెప్పి పంపించుకున్నాను. వాడు మంచివాడే, కానీ నా ఖాతాలో ఎంతుందో, ఎవరికి ఎంత ఇచ్చానో ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. చాలా బాధేసింది.

సాగరతీరం:
అక్కా, నాదీ అదే పరిస్థితి. ప్రస్తుతానికి ఒక దారుంది. పేరు లేని బటన్ మీద ఆగి, మూడు వేళ్లతో ఒకసారి తడితే టాక్‌బ్యాక్ మెనూ వస్తుంది, అందులో లేబుల్ ఆప్షన్ కనిపిస్తే మనమే పేరు పెట్టుకోవచ్చు. చూపున్నవాళ్లను ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని ఏది ఏమిటో చెప్పించుకోండి, పిన్ మాత్రం చెప్పకండి. అన్ని బటన్లకీ ఈ ఆప్షన్ రాదు, మళ్లీ అప్‌డేట్ వస్తే పేర్లు పోవచ్చు కూడా.
నా రెండో ఖాతా యాప్ అయితే టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే తెరుచుకోనే తెరుచుకోదు. టాక్‌బ్యాక్ లాంటివి స్క్రీన్ చదవడానికి ఇచ్చే యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడ్డం పెట్టుకుని మోసగాళ్ల యాప్‌లు స్క్రీన్ చదివేస్తున్న మాట నిజమే, అందుకని ఫోన్‌తో వచ్చిన టాక్‌బ్యాక్‌నీ ఎక్కడి నుంచో దించుకున్న దొంగ యాప్‌నీ ఒకే గాటన కడితే మేమెక్కడికి పోవాలి?

తెనాలి_అబ్బాయి:
మా అమ్మకు వినపడదు, మాట రాదు. కార్డు పోయిన రోజు కస్టమర్ కేర్‌కి నేను ఫోన్ చేస్తే ఖాతాదారే మాట్లాడాలన్నారు. ఆమె మాట్లాడలేదండీ అని నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ పెట్టేశారు. వీడియో కాల్‌లో ఖాతాదారు ఎవరో సరిచూసుకునే కేవైసీలోనూ అంతే, అవతలి మనిషి ప్రశ్న అడుగుతుంటే అమ్మ కాగితం మీద "నాకు వినపడదు, రాసి అడగండి" అని చూపించింది, అయినా కాల్ కట్ అయింది. చాట్‌లో టైప్ చేసి అడగడానికి ఏమైంది?

నెల్లూరు_వాసి:
నాకు సెరిబ్రల్ పాల్సీ, అంటే ఒంటి కదలికలు నా అదుపులో ఉండవు. కేవైసీ సెల్ఫీలో తల స్క్రీన్ మీది గుండ్రం లోపలే కదలకుండా ఉంచమంటుంది, నా తల నా మాట వినదు. ఓటీపీ కొట్టేలోపు టైము అయిపోతుంది. మూడుసార్లు తప్పితే లాక్. ప్రతిసారీ టెన్షనే.

కోడ్_పరీక్షకుడు:
నేను హైదరాబాద్‌లో పేమెంట్ యాప్‌లు టెస్ట్ చేస్తాను. ఆండ్రాయిడ్‌లో మామూలు బొమ్మ బటన్‌కి పేరు పెట్టడం ఒక్క లైను పని. రిలీజ్ తొందరలో అది అడిగేవాళ్లు ఉండరు, ఎందుకంటే టెస్టింగ్ టీమ్‌లో టాక్‌బ్యాక్ రోజూ వాడే మనిషి ఉండడు. మా టీమ్‌లో ఒకాయన చేరాక, మేము నెలల తరబడి పట్టుకోలేని తప్పులు మొదటి రోజే చెప్పారు. ఫిర్యాదు చేసేటప్పుడు ఏ పేజీ, ఏ బటన్, యాప్ వెర్షన్ ఎంత, టాక్‌బ్యాక్ ఏమని చదివింది రాయండి. "యాప్ పనిచేయట్లేదు" అని రాస్తే అది మా దాకా రాదు.

రిటైర్డ్_మేనేజర్:
అమ్మా, మీరు అడిగేది దయ కాదు, హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఆపైన 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ అందరూ చేసుకోగలిగేలా మార్చమని 20 ఆదేశాలు ఇచ్చింది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిని రెప్ప కొట్టలేని వాళ్లను కేవైసీలో రెప్ప కొట్టమని అడిగారు, అక్కడ మొదలైంది ఆ కేసు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, ఖర్చేమీ ఉండదు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

హనుమకొండ_టీచరమ్మ:
సాగరతీరం తమ్ముడూ, ఏడు బటన్లకు పేర్లు పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పిన్ మార్చేసి, ఈ నెల చీటీ డబ్బు నేనే పంపాను. రెండు బటన్లు ఇంకా మొండికేస్తున్నాయి. ఫిర్యాదు కూడా పెట్టాను, నంబరు వచ్చింది. నేను రాసింది ఇది, కావాలంటే మీ వివరాలు మార్చుకుని వాడుకోండి:
"నేను చూపు లేని ఖాతాదారును. మీ యాప్ కొత్త వెర్షన్‌లో డబ్బు పంపే పేజీలో తొమ్మిది బటన్ల పేర్లను టాక్‌బ్యాక్ చదవడం లేదు. పాత వెర్షన్‌లో చదివేది. దీనివల్ల నా పిన్ వేరేవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. ఎప్పటిలోగా సరిచేస్తారో తేదీతో రాతపూర్వకంగా తెలపండి."