సికింద్రాబాద్–విజయవాడ టికెట్: ఆన్‌లైన్‌లో ఒక రేటు, స్టేషన్ మిషన్‌లో ఇంకో రేటు. ఏది కరెక్టు?

కిటికీ_సీటు:
సికింద్రాబాద్ నుంచి విజయవాడకి నలుగురం, అందరూ పెద్దవాళ్లే. రాత్రి బండికి థర్డ్ ఏసీ చూస్తే, రిజర్వేషన్ కౌంటర్లో చెప్పిన మొత్తం కంటే ఐఆర్‌సీటీసీ సైట్‌లో సరిగ్గా 37 రూపాయల 20 పైసలు ఎక్కువ పడుతోంది (డెబిట్ కార్డుతో). ఒక ప్రైవేటు యాప్‌లో ఇంకా ఎక్కువ. పోనీ పగటి బండికి జనరల్‌లో వెళ్దామంటే అక్కడా ఇదే గొడవ. స్టేషన్‌లోని టికెట్ మిషన్ మీద నలుగురికి కలిపి ఒక రేటు వచ్చింది. వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కితే 60 రూపాయలు పెరిగింది. ఊరు అదే, మనుషులు అంతే. రైలు టికెట్ ధర కూడా విమానం టికెట్‌లా నిమిషానికోసారి మారుతోందా? ఎక్కడ తీసుకుంటే తక్కువ?

చార్ట్_ప్రిపేర్డ్:
అసలు ఛార్జీ ఎక్కడైనా ఒకటేనండి. కౌంటర్లో గుమాస్తా చూసేదీ, ఐఆర్‌సీటీసీ సైట్ చూపించేదీ ఒకే రిజర్వేషన్ సిస్టమ్ నుంచి వస్తాయి. బేస్ ఫేర్, రిజర్వేషన్ ఛార్జీ (స్లీపర్‌కి 20, థర్డ్ ఏసీకి 40, సెకండ్ ఏసీకి 50), సూపర్‌ఫాస్ట్ అయితే ఆ ఛార్జీ, ఏసీ కాబట్టి 5 శాతం జీఎస్టీ: ఇంతవరకు పైసా తేడా ఉండదు. దురంతో లాంటి ఫ్లెక్సీ ఫేర్ బండ్లలో సీట్లు నిండేకొద్దీ ధర పెరుగుతుంది. అదైనా ఆ నిమిషానికి కౌంటర్లోనూ సైట్‌లోనూ సమానంగానే ఉంటుంది.

మీ 37.20 లెక్క ఇది. ఏసీ టికెట్‌కి కన్వీనియన్స్ ఫీజు 30, దాని మీద 18 శాతం జీఎస్టీ 5.40. అంటే 35.40. ప్రయాణ బీమాకి 'అవును' అని టిక్ పెట్టి ఉంటారు, మనిషికి 45 పైసల చొప్పున నలుగురికి 1.80. మొత్తం 37.20.

దీన్ని తగ్గించే దారి యూపీఐ. 2019 సెప్టెంబరు 1 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం యూపీఐతో కడితే ఏసీకి 20, నాన్ ఏసీకి 10 (పైన జీఎస్టీ). అంటే ఏసీ టికెట్‌కి 35.40 బదులు 23.60, స్లీపర్‌కి 17.70 బదులు 11.80. క్రెడిట్ కార్డు, నెట్ బ్యాంకింగ్ అయితే బ్యాంకు గేట్‌వే ఛార్జీ వేరే పడొచ్చు. పేమెంట్ పేజీలో చివరి మొత్తం చూడకుండా ముందుకు వెళ్లకండి.

చాలామంది గమనించని విషయం, ఈ ఫీజు టికెట్‌కి, మనిషికి కాదు. ఒక టికెట్ మీద ఆరుగురి దాకా రాయొచ్చు (తత్కాల్‌లో నలుగురు). నలుగురినీ ఒకే టికెట్‌లో పెడితే ఫీజు ఒక్కసారే. ఇద్దరిద్దరుగా విడగొడితే రెండుసార్లు. టికెట్ రద్దు చేసుకుంటే ఈ ఫీజు తిరిగి రాదు, మళ్లీ బుక్ చేస్తే మళ్లీ కట్టాలి.

ప్రైవేటు యాప్ సంగతి: వాళ్లు ఐఆర్‌సీటీసీ ఏజెంట్లు. ఐఆర్‌సీటీసీ ఫీజు మీద వాళ్ల సర్వీస్ ఛార్జీ ఉంటుంది, నాన్ ఏసీకి 20, ఏసీకి 40 వరకు. ఆపైన 'ఫ్రీ క్యాన్సిలేషన్' లాంటివి ముందే టిక్ పెట్టి ఉంటాయి. పేరుకి ఫ్రీ, దానికీ డబ్బు తీసుకుంటారు. అన్నీ తీసేశాక మిగిలిన మొత్తాన్ని పోల్చండి.

కాజీపేట_అవుటర్:
మిషన్ గురించి నేను చెప్తా. ఆ 60 రూపాయలు సూపర్‌ఫాస్ట్ ఛార్జీ. జనరల్‌లో మనిషికి 15, నలుగురికి 60. మొదటిసారి మీరు రైలు రకం దగ్గర 'మెయిల్/ఎక్స్‌ప్రెస్' నొక్కి ఉంటారు, రెండోసారి 'సూపర్‌ఫాస్ట్'. మిషన్‌కి మీరు ఏ బండి ఎక్కుతారో తెల్వదు కదా, మీరు నొక్కిందే ప్రింట్ చేస్తది.

ఏది నొక్కాలో బండి నంబరే చెప్తది. శాతవాహన నంబరు 12తో మొదలైతది, సూపర్‌ఫాస్ట్. గోల్కొండ నంబరు 17తో మొదలైతది, మామూలు ఎక్స్‌ప్రెస్. రెండూ మా కాజీపేట మీదుగా విజయవాడ పోయేవే. గోల్కొండ ఎక్కుతామని ఖాయంగా అనుకుంటే ఎక్స్‌ప్రెస్ టికెట్ తీస్కోండి, 60 మిగులుతది. ఏది ముందొస్తే అది ఎక్కుదామనుకుంటే మాత్రం సూపర్‌ఫాస్టే తీస్కోండి. ఆ టికెట్‌తో గోల్కొండ ఎక్కొచ్చు (తేడా వాపస్ రాదు). ఎక్స్‌ప్రెస్ టికెట్‌తో శాతవాహన ఎక్కితే టీటీఈకి తేడా కట్టాలి, జరిమానా కూడా పడొచ్చు.

దగ్గరి ఊర్లకైతే ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతది. ఆర్డినరీలో కనీస ఛార్జీ 10 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 30. మెమూ (దగ్గరి ఊర్ల ప్యాసింజర్ బండి) ఎక్కేటోళ్లు చెయ్యి తప్పి ఎక్స్‌ప్రెస్ నొక్కితే పక్క స్టేషన్‌కి 30 ముట్టచెప్పినట్టే.

ఇంకోటి 'వయా'. సికింద్రాబాద్–విజయవాడకి రెండు దారులున్నయి, కాజీపేట మీదుగా ఒకటి, నల్గొండ, నడికుడి, గుంటూరు మీదుగా ఒకటి. రెండింటి కిలోమీటర్లు వేరు, ఛార్జీ కూడా వేరు కావొచ్చు. తక్కువ చూపిస్తోంది కదా అని నడికుడి దారి నొక్కి కాజీపేట బండి ఎక్కితే ఆ టికెట్ చెల్లదు. శాతవాహన కాజీపేట మీదుగా పోతది. ప్రింట్ అయిన టికెట్ మీద వయా రాసి ఉంటది, మిషన్ ముందు నుంచి కదలకముందే చూస్కోండి.

చార్ట్_ప్రిపేర్డ్:
అవుటర్ గారు చెప్పిన 'వయా' చాలామందికి తెలియదు, మంచి మాట. రేటుకి సంబంధించి ఒక్కటి కలుపుతాను. జనరల్ టికెట్‌కి మిషన్‌లో గానీ, రైల్వే వాళ్ల రైల్‌వన్ యాప్‌లో గానీ కన్వీనియన్స్ ఫీజు లేదు. పైగా ఆ యాప్‌లోని ఆర్-వ్యాలెట్‌లో ముందుగా డబ్బు వేసుకుని, దానితో టికెట్ తీసుకుంటే 3 శాతం వెనక్కి వస్తుంది. మిషన్ స్మార్ట్ కార్డు రీఛార్జి చేస్తే 3 శాతం బోనస్. మిషన్ పక్కన నిలబడి టికెట్లు కొట్టిచ్చే ఫెసిలిటేటర్‌కి వచ్చే ఆదాయం కూడా ఈ బోనసే. కాబట్టి టికెట్ మీద ఉన్న మొత్తం కంటే పైసా ఎక్కువ అడిగినా ఇవ్వక్కర్లేదు.

బెజవాడ_ఫుట్‌బ్రిడ్జి:
మిషన్, యాప్ వాడేటప్పుడు తప్పు జరిగే చోట్లు చెప్తాను. యాప్‌లో పేపర్‌లెస్ జనరల్ టికెట్‌ని స్టేషన్ బయటే తీసుకోవాలి. ప్లాట్‌ఫాం మీదకి వచ్చేశాక లొకేషన్ చూసి ఇవ్వదు. అప్పుడు స్టేషన్‌లో అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తీసుకోవాలి. టికెట్ యాప్‌లోనే 'షో టికెట్' నొక్కి చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. పేపర్‌లెస్ టికెట్ రద్దు చేసుకోవడం కుదరదు. వెళ్తామో లేదో అని అనుమానం ఉంటే మిషన్ దగ్గరకి వెళ్లి కాగితం టికెట్టే తీసుకోండి.

199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ తీసుకున్నాక మూడు గంటల్లో, లేదా ఆ ఊరికి వెళ్లే మొదటి బండి బయల్దేరేలోపు, రెండింటిలో ఏది తర్వాతైతే అప్పటికల్లా ప్రయాణం మొదలుపెట్టాలి. విజయవాడ 200 దాటిన దూరం కాబట్టి మీకు ఈ తొందర లేదు. కౌంటర్లో మూడు రోజుల ముందే తీసుకోవచ్చు కూడా.

మిషన్ మీద యూపీఐ క్యూఆర్‌తో కట్టేటప్పుడు ఫోన్ చేతిలో సిద్ధంగా పెట్టుకోండి. ఆ కోడ్ కొద్దిసేపే ఉంటుంది. టైమ్ అయిపోతుండగా స్కాన్ చేస్తే డబ్బు కటవుతుంది, టికెట్ మాత్రం రాదు. అలా జరిగితే వెంటనే మళ్లీ కట్టేయకండి. లావాదేవీ నంబరు తీసుకుని అక్కడే బుకింగ్ ఆఫీసులో చెప్పండి. టికెట్ రాని డబ్బు ఏ ఖాతా నుంచి పోయిందో అందులోకే తిరిగి వస్తుంది.

రిజర్వేషన్ టికెట్ మాత్రం ఈ మిషన్లలో రాదు. థర్డ్ ఏసీకి కౌంటరో ఆన్‌లైనో, అంతే.

పీఎన్ఆర్_స్టేటస్:
ఆ 23.60 మిగుల్చుకోవడానికి కౌంటర్‌కి వెళ్లే ముందు వెయిటింగ్ లిస్ట్ ఉందేమో చూడండి. ఆన్‌లైన్ టికెట్ అయితే చార్ట్ వేశాక నలుగురూ వెయిటింగ్‌లోనే ఉంటే దానంతట అదే రద్దవుతుంది. మనిషికి 60 రూపాయల క్లర్కేజీ (రద్దు చేసినందుకు రైల్వే పట్టుకునే ఛార్జీ), దాని మీద జీఎస్టీ పోను మిగతాది ఖాతాలో పడుతుంది. కౌంటర్ టికెట్ అలా రద్దు కాదు, మీరే చేయాలి, అదీ బండి బయల్దేరడానికి అరగంట ముందులోపు. ఫారం మీద ఫోన్ నంబరు రాసి ఉంటే ఐఆర్‌సీటీసీ సైట్‌లోనో, రైల్వే ఫోన్ నంబరు 139లోనో రద్దు చేయొచ్చు, డబ్బుకి మాత్రం టికెట్ పట్టుకుని కౌంటర్‌కే వెళ్లాలి. అర్ధరాత్రి బండికి ఆ పని ఎవరు చేస్తారు? బెర్త్ కన్ఫర్మ్ చూపిస్తే కౌంటర్, వెయిటింగ్ అయితే ఆన్‌లైన్ అని నా లెక్క.

ఒక మెలిక: నలుగురిలో ఒక్కరికి బెర్త్ దొరికినా ఆన్‌లైన్ టికెట్ కూడా దానంతట రద్దు కాదు. మిగతా ముగ్గురి పేర్లూ చార్ట్‌లో ఉంటాయి.

వందే భారత్ రేట్లు పోలుస్తున్నవాళ్లకి: తిండి ఛార్జీ కలిపి చూపిస్తారు. బుకింగ్‌లో భోజనం వద్దని ఎంచుకుంటే అంత తగ్గుతుంది. ఒక చోట తిండితో, ఇంకో చోట తిండి లేకుండా చూసి 'ఇక్కడ చవక' అనుకుంటుంటారు.

కిటికీ_సీటు:
37.20 లెక్క అచ్చంగా సరిపోయింది, బీమా టిక్ ఉంది. ఇంకొక్కటి. మాతో ఇంకో కుటుంబం కూడా వస్తానంటోంది, ఎనిమిదేళ్ల పిల్లవాడున్నాడు. వాడికి ఎలా?

చార్ట్_ప్రిపేర్డ్:
థర్డ్ ఏసీ, స్లీపర్‌లో 5 నిండి 12 నిండని పిల్లలకి బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ, బెర్త్ వద్దంటే సగం. 2016 ఏప్రిల్ 21 నుంచి ఇదే. సైట్‌లో వయసు కొట్టగానే బెర్త్ కావాలా వద్దా అని అడుగుతుంది, కౌంటర్ ఫారంలో మీరే రాయాలి. పగలు చైర్ కార్‌లో అయితే సగం టికెట్ లేదు, పూర్తిదే.

కాజీపేట_అవుటర్:
జనరల్‌లో అయితే పిల్లగాడికి సగమే. మిషన్ మీద పెద్దలు, పిల్లలు అని వేర్వేరుగా అడుగుతది. ఐదుగురు పెద్దలని నొక్కేసి తర్వాత లబోదిబోమనొద్దు. వెనకున్న లైను చూసి తొందరపడితేనే ఇట్లాంటియి జరిగేది. ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్టే అక్కర్లేదు.