మెట్ట పొలంలో మొర్రి, పాల చెట్లు పెంచినవాళ్ళు ఉన్నారా?

ఉదయగిరి దగ్గర మాకు రెండెకరాల మెట్ట ఉంది. ఎర్ర గరుసు నేల, మూడడుగులు తవ్వితే రాయి. బోరు ఉన్నా ఏప్రిల్ వస్తే ఆగి ఆగి పోస్తుంది. అందరూ బత్తాయో నిమ్మో వెయ్యమంటున్నారు. వాటికి ఎండాకాలం ట్యాంకర్లతో నీళ్ళు తోలే ఓపిక నాకు లేదు. వెలిగొండల్లో ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే కాసే మొర్రి (సారపప్పు చెట్టు), పాల (పాలపండ్ల చెట్టు), నేరేడు, వెలగ వేద్దామని ఉంది.

నేరేడు, వెలగ మొక్కలు దొరికాయి. చిక్కంతా మొర్రితోనే. కొండకు పోయేవాళ్ళ దగ్గర పండ్లు కొని, గుజ్జు కడిగి గింజలు తీశాను. పెంకు రాయిలా ఉంది. సుత్తితో మెల్లగా తట్టినా లోపల సారపప్పు రెండు బద్దలైపోతోంది. పెంకు పగలగొట్టకుండా నానబెట్టి వేస్తే మొలుస్తుందా? ఎన్నాళ్ళు నానాలి? గింజ పాతబడితే మొలక తగ్గుతుందంటారు కాబట్టి, దాచుకునే పద్ధతి కూడా చెప్పండి.

పాల మొక్కలు నర్సరీల్లో ఉన్నాయి గానీ సపోటా అంటు కట్టడానికే పెంచుతున్నారు. "ఉత్త పాల మొక్క ఏం చేసుకుంటావన్నా?" అని నవ్వారు. గింజ మొక్క కాపుకు ఏళ్ళు పడుతుందని తెలుసు, పర్వాలేదు. కాసే పాల కొమ్మనే దానికి అంటు కడితే త్వరగా కాస్తుందా? ఎవరైనా కట్టి చూశారా?

ఇంకొకటి. మాకు అసలు వాన అక్టోబరు నుంచే. గింజను నేరుగా గుంతలో వెయ్యాలా, కవర్లో పెంచి నాటాలా? కవర్లో తల్లివేరు మెలిపడుతుందేమోనని టెన్షన్. మన జిల్లాల్లో చేసినవాళ్ళు చెబితే మరీ మంచిది.